విశాఖ పెరట్లో మొదటి కోళ్ల మంద: గూడు కట్టడం నుంచి మొదటి గుడ్డు దాకా

కొత్తగా కోడిపిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు ముందు భయపడేది చలికి. విశాఖలో చలి ఎంతని? జనవరి రాత్రిళ్లు కూడా ఒక బల్బు వెలిగిస్తే సరిపోతుంది. ఇక్కడ పిల్లల్ని పొట్టన పెట్టుకునేది తడి. సముద్రపు గాలిలో ఏడాది పొడుగునా తేమ ఉంటుంది, జూన్ నుంచి నవంబరు దాకా వానలు, మధ్యలో తుపాన్లు. కింద పరిచిన ఊక తడిస్తే రక్తపారుడు, మేత బస్తా చెమర్చితే బూజు, గూట్లో గాలి ఆడకపోతే కళ్లు మండే అమ్మోనియా వాసన. గూడు ఎక్కడ కట్టాలి, నీళ్ల గిన్నె ఎక్కడ పెట్టాలి అనుకున్న ప్రతిసారీ ఇక్కడ పడిన తడి ఎటు పోతుంది, ఎంతసేపట్లో ఆరుతుంది అని చూసుకోండి.

ఎన్ని, ఏ రకం, ఎప్పుడు

మొదటిసారికి 12 పిల్లలు చాలు. ఒకటి రెండు పోవచ్చు. పుంజు ఏదో పెట్ట ఏదో విడదీయకుండా అమ్మే పిల్లలే మీకు దొరుకుతాయి కాబట్టి మిగిలినవాటిలో సగం పుంజులే అనుకోండి. అంటే చివరికి అయిదారు పెట్టలు, రోజుకి రెండు మూడు గుడ్లు. గుడ్లకి పుంజు అక్కర్లేదు. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో గోడకి గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య ఉంటే, తెల్లవారుజామున నాలుగింటికి కూసే పుంజు పక్కింటివాళ్లతో పేచీ తెచ్చిపెడుతుంది.

పెరటికి పనికొచ్చే రకాల్లో వనరాజా, గ్రామప్రియ ముందుంటాయి. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో తయారైనవే. గుడ్లే ముఖ్యమనుకుంటే గ్రామప్రియ తీసుకోండి, పెరటి పెంపకంలో మొదటి ఏడాది 160 నుంచి 180 దాకా పెడుతుంది. వనరాజా 100 నుంచి 120 పెడుతుంది కానీ మాంసం బాగా వస్తుంది. ఒళ్లు బరువు కనక కుక్క తరిమితే నాటుకోడిలా గోడెక్కి తప్పించుకోలేదు. ఈ రెండు రకాలూ పొదుగుకి కూర్చోవడం అరుదు. పిల్లల్ని తీయించాలనుంటే ఒక నాటుపెట్టను తోడు పెట్టుకోవాలి. పందెం జాతి అయిన అసీల్ అందంగా ఉంటుంది, గుడ్లు తక్కువ, పుంజులు ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. మొదటి మందకి వద్దు. సైకిల్ మీద గంపలో గులాబీ, పచ్చ రంగులు అద్ది అమ్మే పిల్లల జోలికి అసలు వెళ్లకండి. అవి చాలావరకు పిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీలు గుడ్లకి పనికిరావని వదిలించుకున్న పుంజులు, టీకా పడి ఉండదు. పిల్లలు ముచ్చటపడి కొనిపించుకుంటారు, వారం తిరక్కుండా ఏడుస్తారు.

తెచ్చుకోవడానికి మంచి కాలం డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటివారం దాకా. అప్పటికి తుపాన్ల భయం తగ్గుతుంది. రోహిణీకార్తె ఎండలు వచ్చేసరికి పిల్లలకి నాలుగైదు నెలల వయసు వచ్చి ఈకలు గట్టిపడి ఉంటాయి. జులై, ఆగస్టుల్లో గుడ్లు మొదలవుతాయి. అక్టోబరులో ఒక్కరోజు పిల్లల్ని తేవడం మాత్రం కోరి కష్టం తెచ్చుకోవడమే.

ఒక్కరోజు పిల్లలు కాకుండా నాలుగు నుంచి ఆరు వారాలు పెంచినవి దొరికితే, కాస్త ధర ఎక్కువైనా మొదటిసారి వాటినే తీసుకోండి. బల్బు దగ్గర కాపలా తప్పుతుంది. ఏ టీకాలు ఏ తేదీన వేశారో కాగితం మీద రాయించుకోండి. "అన్నీ వేసేశామండీ" అంటే వెయ్యలేదనే లెక్క.

గూడు

పిల్లలు రాకముందే గూడు పూర్తవ్వాలి. అట్టపెట్టెలో ఉన్నన్నాళ్లూ గూడు కట్టేయొచ్చు అనుకుంటారు గానీ, మూడో వారానికే అవి పెట్టె అంచు మీదకి ఎగిరి కూర్చుంటాయి.

పెద్దయ్యాక ఒక్కో కోడికి రాత్రి పడకకి కనీసం 2 చదరపు అడుగులు, పగలు తిరగడానికి 10 చదరపు అడుగులు కావాలి. పది కోళ్లకి 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గూడు, దాని ముందు 10 అడుగులకి 10 అడుగుల ఆవరణ సరిపోతాయి. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఇరుకు పక్కలకే తగులుతాయి, పొడవైన రెండు పక్కలూ గాలికి తెరిచి ఉంచుకోవచ్చు. పెరట్లో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న చోటే దీనికి. ప్రహరీ మూల ఖాళీగా ఉంది కదా అని అక్కడ పెడతారు. వాన పడితే నీళ్లన్నీ చేరేది ఆ మూలకే.

నేల మట్టం నుంచి 2 అడుగుల ఎత్తులో అరుగు వచ్చేలా ఆరు కాళ్ల మీద గూడు నిలబెట్టండి. సరుగుడు కర్రలు చవగ్గా దొరుకుతాయి గానీ మట్టిలో నేరుగా పాతితే చెదలు తినేస్తాయి. అడుగున్నర పొడవు 4 అంగుళాల పీవీసీ పైపు ముక్కని గుంటలో నిలబెట్టి, కర్ర దించి, చుట్టూ కాంక్రీటు పోయండి. కాంక్రీటు పైభాగం నేలకన్నా రెండంగుళాలు ఎత్తుగా, బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే పైపు చుట్టూ నీళ్లు నిలుస్తాయి. వెల్డింగ్ చేయించేవాళ్లు ఇనుప చట్రానికి రెడ్ ఆక్సైడ్ ఒక పూత, దాని మీద ఎనామెల్ రెండు పూతలు వేయించాలి. భీమిలి రోడ్డు, సాగర్‌నగర్, రుషికొండ వైపు ఉప్పుగాలికి రంగు లేని ఇనుము నిలవదు.

అరుగుకి చెక్కలు సందు లేకుండా బిగించి, దాని మీద పాత ఫ్లెక్సీ పరచండి. పైన మూడంగుళాల ఊక. ఊడ్చేటప్పుడు ఫ్లెక్సీతో సహా లాగి బయట దులిపేయొచ్చు. వెదురు బద్దల మధ్య సందులుంచి కట్టే అరుగు పెద్ద కోళ్లకి బాగుంటుంది, రెట్ట కిందకి పడిపోతుంది. పిల్లల కాళ్లు మాత్రం ఆ సందుల్లో ఇరుక్కుని విరుగుతాయి.

జాలీ దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. ఆరు మూలలుగా అల్లిన సన్నతీగ చికెన్ మెష్ కోళ్లు బయటికి పోకుండా ఆపుతుందంతే, బయటినుంచి వచ్చేదాన్ని ఆపదు. కుక్క పంటితో లాగితే చిరుగుతుంది, పాము పిల్ల దూరిపోతుంది. గూటికి నాలుగు పక్కలా అర అంగుళం కన్నున్న, జింకు పూత వేసిన వెల్డ్ మెష్ వాడండి. ఆవరణకి కింది రెండడుగులు అదే మెష్, పైన మామూలుది చాలు. ఆవరణ అంచున మెష్‌ను బయటివైపుకి అడుగున్నర మడిచి, నాలుగంగుళాల మట్టి కప్పేయండి. పందికొక్కైనా కుక్కైనా గోడ వారనే తవ్వడం మొదలుపెడుతుంది, కాలికింద మెష్ తగలగానే మానేస్తుంది. వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి వాటికి ఉండదు.

ఆవరణ పైకప్పుకి జాలరిపేటల్లో దొరికే పాత నైలాన్ వల మంచిది, గద్దలూ కాకులూ దిగలేవు. చిన్న కన్నున్న, మందపాటి దారపు వల చూసి తీసుకోండి. పారదర్శకంగా ఉండే సన్నదారం వలలో కోడి మెడ, కాలు చిక్కితే తెల్లారేసరికి ప్రాణం ఉండదు.

కప్పు అరుగు మీద నుంచి ముందువైపు నాలుగున్నర అడుగులు, వెనక మూడున్నర అడుగులు ఎత్తులో వాలుగా ఉండాలి, చూరు రెండడుగులు బయటికి రావాలి. చూరు పొట్టిగా ఉంటే జల్లు నేరుగా ఊక మీదే కొడుతుంది. సిమెంటు రేకు వేసి, పైన తాటాకో కొబ్బరిమట్టలో కప్పితే ఎండాకాలం లోపల ఓర్చుకునేలా ఉంటుంది. వట్టి ఇనుప రేకు మే నెలలో పెనంలా కాలుతుంది. రేకుల్ని మేకులతో కాక జే-హుక్కు, వాషరు పెట్టి బిగించండి. చట్రం నాలుగు మూలల నుంచీ లావు తీగ కట్టి నేలలో పాతిన ఇనుప గూటాలకి లాగి ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిమీదే తీరం దాటింది. ఆ రోజు రేకులు ఎటెటు ఎగిరాయో చూసినవాళ్లకి ఈ తీగ ఎందుకో చెప్పక్కర్లేదు. అంతటి తుపాను వస్తుందంటే మాత్రం తీగల మీద భరోసా పెట్టుకోకుండా కోళ్లని గంపల కిందో అట్టపెట్టెల్లోనో ఇంట్లోకి మార్చేయండి.

వానకి అడ్డంగా కట్టే పరదాలకీ పాత ఫ్లెక్సీయే. అందరూ కిటికీ తెరలా పైనుంచి వేలాడదీస్తారు. అలా కడితే కింద గాలి దూరి పిల్లల్ని కొడుతుంది, పైన పోవాల్సిన ఆవిరి లోపలే ఉండిపోతుంది. పరదా కింది అంచుని అరుగు దగ్గర బిగించి, పై అంచుకి తాడు కట్టి కిందనుంచి పైకి లాగేలా పెట్టండి. ఎంత వానైనా చూరు కింద ఆరంగుళాల సందు తెరిచే ఉండాలి.

లోపల పడుకునే కర్రలు రెండు, ఒక్కొక్కటి నాలుగడుగులు, మధ్య అడుగుంబావు దూరం. రెండంగుళాల వెడల్పు, అంచులు గుండ్రంగా చెక్కినవి. ఒక్కో కోడికి ఎనిమిదంగుళాల చోటు లెక్క. రెండూ ఒకే ఎత్తులో కట్టండి. మెట్లలా కడితే పై కర్ర కోసం రోజూ కొట్లాటే, కింద కూర్చున్నవాటి మీద పైవాటి రెట్ట. మొదట్లో అర అడుగు ఎత్తులో ఉంచి, పెరిగేకొద్దీ అడుగున్నర దాకా లేపండి. తలుపుకి ఒక కొక్కెం చాలదు, పిల్లి కాలితో తోసేస్తుంది. గడియా వేయాలి, దానిలో తీగ ముక్కా దూర్చాలి.

అంతా కట్టాక మేకులు, తీగ ముక్కలు, రంపపు పొట్టు, థర్మోకోల్ తుంపులు ఏరేయండి. నేల మీద ఒక అయస్కాంతం తిప్పితే కంటికి ఆననివి కూడా వస్తాయి. కోడికి మెరిసేదల్లా మేతే, థర్మోకోల్ అయితే పేలాల్లా తినేస్తుంది.

బల్బు కింద నాలుగు వారాలు

మూడడుగుల వ్యాసం, అడుగున్నర ఎత్తు వచ్చేలా అట్టలు గుండ్రంగా చుట్టండి. పన్నెండు పిల్లలకి మూడు వారాలు సరిపోతుంది, తరువాత అట్టని వెడల్పు చేయాలి. గుండ్రంగానే ఎందుకంటే, మూలలుంటే చలేసినా బెదిరినా ఆ మూలకే ఒకదాని మీదొకటి ఎక్కి, కిందవి ఊపిరాడక చచ్చిపోతాయి. కింద రెండంగుళాల ఊక, మొదటి మూడు రోజులు దానిమీద గోనెపట్టా. వార్తాపత్రిక వేస్తారు చాలామంది. అది జారుతుంది, కాళ్లు రెండు పక్కలకీ చీలి కొన్ని పిల్లలు ఇక లేవలేవు. గోనె మీద పట్టు దొరుకుతుంది, ఊకని మేత అనుకుని తినడమూ ఉండదు.

బల్బు పాతకాలపు పసుపు గుండు బల్బే కావాలి, 60 వాట్లది. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడి ఇవ్వదు. ఒకటి మాడిపోతే రెండోది ఉండేలా రెండు హోల్డర్లు పెట్టండి. అడుగున్నర ఎత్తులో గొలుసుకి కట్టాలి, వైరుకి వేలాడదీస్తే ఊడి ఊకలో పడి మంట లేస్తుంది. పిల్లల వీపు ఎత్తులో మొదటి వారం 35 డిగ్రీలు, రెండో వారం 32, మూడో వారం 29, నాలుగో వారం 26. మార్చి దాటితే విశాఖలో పగలు బల్బు ఆర్పేయాల్సి వస్తుంది, రాత్రికి మాత్రం వెలిగించాలి. కరెంటు పోతే సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి.

థర్మామీటరు కన్నా పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కిందే కుప్పగా చేరి కీచుకీచుమంటుంటే చలి, బల్బు దింపాలి. దూరంగా అట్ట వారన నోళ్లు తెరిచి రెక్కలు వేలాడేస్తే వేడి, పైకెత్తాలి. అన్నీ ఒకే పక్కకి చేరితే రెండో పక్కనుంచి ఈదురు వస్తోందన్న మాట. అక్కడో ఇక్కడో చెల్లాచెదురుగా పడుకుని, కొన్ని తింటూ కొన్ని నిద్రపోతూ ఉంటే మీరు కూడా వెళ్లి పడుకోవచ్చు.

పిల్లలు రాగానే మేత కాదు, నీళ్లు. బల్బు మూడు గంటల ముందే వెలిగించి, నీళ్లు కూడా అక్కడే పెట్టి ఉంచితే చల్లదనం విరుగుతుంది. లీటరు నీళ్లలో నాలుగు చెంచాల బెల్లం కలపండి. ఒక్కో పిల్లని చేతిలోకి తీసుకుని ముక్కు కొన మాత్రం నీళ్లలో ముంచి వదలండి, ముక్కుపుటాలు మునగకూడదు. తల పైకెత్తి మింగిందంటే దానికి చోటు తెలిసిపోయింది. నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేయండి, లేకపోతే అందులోనే పడి నానిపోతాయి. రెండు గంటల తరువాత సన్నని మొక్కజొన్న రవ్వ గోనె మీదే చల్లండి. సాయంత్రం నుంచి చిక్ స్టార్టర్, అంటే చిన్నపిల్లల కోసం తయారుచేసి అమ్మే మేత. రాత్రి పడుకునే ముందు నాలుగైదు పిల్లల్ని పట్టుకుని గొంతు కింద మేతసంచి వేలితో తడమండి. నానిన అటుకుల్లా మెత్తగా, నిండుగా ఉంటే తిన్నదీ తాగిందీ. గట్టిగా రాయిలా ఉంటే మేత తిని నీళ్లు తాగలేదు. ఖాళీగా ఉంటే దాన్ని విడిగా పట్టి తాగించాలి.

మొదటి వారం రోజూ వెనక భాగం చూడండి. రెట్ట ఎండి అతుక్కుని దారి మూసుకుపోతే రెండు రోజుల్లో చనిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి నానబెట్టి తుడవాలి, లాగితే చర్మం ఊడివస్తుంది. ఇది ఎక్కువగా ప్రయాణంలో చలి తగిలిన పిల్లలకీ, వేడి ఎక్కువైనవాటికీ వస్తుంది. బల్బు ఎత్తు మళ్లీ చూసుకోండి.

ఊక పిడికిలి పరీక్ష

రోజూ ఉదయం నీళ్ల గిన్నె పక్కనున్న ఊక పిడికెడు తీసి గట్టిగా నొక్కి, చెయ్యి తెరవండి. పొడిపొడిగా వేళ్ల సందుల్లోంచి రాలిపోతే మరీ పొడి, దుమ్ము లేస్తుంది. ఉండలా అతుక్కుని అలాగే నిలబడితే తడి ఎక్కువ. కాస్త ముద్దకట్టి, వేలితో తాకగానే పగిలిపోతే సరైన పదును. తడిసిన చోట ఊక తీసి అవతల పారేసి కొత్తది వేయండి, మిగతాదంతా వారానికి రెండుసార్లు కర్రతో కలియబెట్టండి. తరువాత వంగి, కోడి తల ఎత్తులో ముక్కు పెట్టి గాలి పీల్చండి. నిలబడి పీలిస్తే వాసన తెలియదు, అవి బతికేది ఆ ఎత్తులోనే. కళ్లు చురచురమంటే పరదా దించాల్సిందే.

నీళ్ల గిన్నె కింద రెండు ఇటుకల మధ్య పళ్లెం, పైన జాలీ ముక్క పెడితే ఒలికినవన్నీ పళ్లెంలోకే పోతాయి. తడి సగం ఇక్కడే ఆగిపోతుంది. గిన్నె అంచు పిల్ల వీపు ఎత్తులో ఉండాలి, పెరిగేకొద్దీ ఇటుక మీద ఇటుక.

ఇంత పట్టింపు ఎందుకంటే కాక్సీడియోసిస్, అంటే రక్తపారుడు. ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి గుడ్లు రెట్టలో బయటికొచ్చి, వెచ్చగా తడిగా ఉన్న ఊకలో ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే దశకి చేరతాయి. పొడి ఊకలో ఆ పని జరగదు. మూడు నుంచి ఆరు వారాల వయసులో ఎక్కువ. పిల్ల ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసి నిలబడుతుంది, రెట్టలో ఎర్రటి జీర కనబడుతుంది. ఆ రోజే పశువైద్యశాలలో చూపించి ఆంప్రోలియం అనే మందు తెచ్చి, చీటీ మీద రాసిన మోతాదులో పిల్లలన్నిటికీ తాగే నీళ్లలో ఇవ్వాలి. ఒక్క పిల్లకే ఇస్తే లాభం లేదు. ఊక మార్చకుండా మందు పోసినా లాభం లేదు.

టీకాలు

కొక్కెర తెగులుకి, అంటే రాణీఖెట్‌కి మందు లేదు. పచ్చటి పారుడు, నోరు తెరిచి ఊపిరి లాగడం, మెడ మెలి తిరగడం కనబడ్డాయంటే అప్పటికే ఆలస్యమైపోయింది. కాబట్టి తేదీలు క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి:

1వ రోజు మారెక్స్ (కాళ్లు, రెక్కలు చచ్చుబడే జబ్బు) టీకా, హేచరీలోనే వేయాలి.
5 నుంచి 7వ రోజు లసోటా (రాణీఖెట్ టీకా), కంట్లో ఒక చుక్క.
14వ రోజు గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బు) టీకా చుక్క.
28వ రోజు లసోటా మరోసారి.
6, 7 వారాల మధ్య మశూచి టీకా, రెక్క పొరలో.
8 నుంచి 10 వారాల్లో ఆర్2బి (ఇదీ రాణీఖెట్ టీకాయే), అర మిల్లీలీటరు చర్మం కింద సూది.

చిక్కేమిటంటే టీకా సీసాలు వంద డోసులకి తక్కువ దొరకవు, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పన్నెండు పిల్లల కోసం ఒక సీసా విప్పడం దండగ. మీ దగ్గరి పశువైద్యశాలలో ఏ రోజు సీసా విప్పుతారో ముందే కనుక్కుని పిల్లల్ని అట్టపెట్టెలో తీసుకెళ్లండి, లేదా పెందుర్తి, మధురవాడ లాంటి చోట్ల చుట్టుపక్కల పెంచేవాళ్లు నలుగురు కలిసి ఒకే రోజు వేయించుకోండి. సీసా మీరే తేవాల్సి వస్తే ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. స్కూటర్ డిక్కీలో వచ్చిన టీకా వట్టి నీళ్లతో సమానం. చుక్క వేశాక పిల్ల రెప్ప ఆర్పి అది లోపలికి ఇంకేదాకా చేతిలోనే ఉంచండి. నీళ్లలో కలిపి ఇచ్చే టీకా అయితే కుళాయి నీళ్లు వద్దు, క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. ఒంట్లో నలతగా ఉన్న పిల్లకి టీకా వేయించకండి.

మశూచిని మోసేది దోమ. ఇంటి పక్కన గెడ్డ (కాలువ) ఉంటే ఆ టీకా మానకండి.

మేత

ఎనిమిది వారాల దాకా చిక్ స్టార్టర్, మాంసకృత్తులు 20 శాతం ఉండాలి. ఒక్కో పిల్లకి ఈ రెండు నెలల్లో కిలోన్నర నుంచి రెండు కిలోలు, పన్నెండింటికి 20 కిలోల పైచిలుకు. తరువాత వారం రోజుల్లో కొంచెం కొంచెంగా గ్రోయర్ (ఎదిగే కోళ్ల) మేతకి మార్చండి. లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) మేత 18 వారాలు దాటకుండా పెట్టకండి. అందులోని ఎక్కువ సున్నం గుడ్డు పెట్టని పెట్టల మూత్రపిండాల్ని చెడగొడుతుంది. పెద్ద కోడి రోజుకి 100 నుంచి 120 గ్రాములు తింటుంది, బయట తిరిగి ఏరుకుంటే అంత పెట్టక్కర్లేదు. నీళ్లు మేతకి రెండింతలు, ఎండల్లో ఇంకా ఎక్కువ.

బస్తాని నేల మీద పెట్టొద్దు, గోడకి ఆనించొద్దు. మూత బిగుసుకునే డ్రమ్ములో పోసి, చెక్క మీద పెట్టి, నెల లోపు అవగొట్టండి. ఉండకట్టినది, ముక్క వాసన వచ్చేది ఎంత ఖరీదైనదైనా పారేయండి. బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది, ఉడకబెట్టినా పోదు. వేరుశనగ చెక్క, నిలవ తవుడు వానాకాలంలో ముందు చెడేవి.

రెండు నెలలు దాటాక నూకలు, చోళ్లు, గంటెలు, తరిగిన తోటకూర, మునగాకు, అజొల్లా (నీళ్ల మీద పెరిగే చిన్న మొక్క) కలపొచ్చు. గింజలు పెడితే సన్నటి గులకరాళ్లు కూడా పెట్టాలి, కోడికి అవే పళ్లు. బీచిలో ఏరిన ఆల్చిప్పలు మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, నలగ్గొట్టి విడిగా ఒక గిన్నెలో ఉంచండి, గుడ్లు పెట్టేవాటికి మాత్రమే. ఎండుచేప పొట్టు వేస్తే మాంసకృత్తులు వస్తాయని విశాఖలో అందరూ సలహా ఇస్తారు. ఇంట్లో తినే ఎండుచేప ఉప్పు పట్టినది, కోడిపిల్లలకి అది విషమే. ముందు ఆగకుండా నీళ్లు తాగుతాయి, పల్చగా పారుతాయి, తరువాత కూలబడతాయి. పచ్చళ్లు, చారు కలిసిన అన్నం కూడా ఇందుకే వద్దు.

బయటికి వదలడం

ఆరు వారాలు నిండి, ఒంటి నిండా ఈకలొచ్చాక గూట్లోకి మార్చండి. మొదటి నాలుగు రోజులు అసలు తలుపు తీయొద్దు, అదే తమ ఇల్లని వాటికి తెలియాలి. అయిదో రోజు సూర్యుడు దిగడానికి ఒక గంట ముందు ఆవరణలోకి వదలండి. ఎంత దూరం వెళ్లినా చీకటి పడేసరికి వాటంతటవే గూట్లోకి వస్తాయి. రోజూ కొంత కొంత ముందుకి జరుపుతూ వారంలో పగలంతా వదిలేయొచ్చు. రాత్రి లెక్కపెట్టి తలుపేయడం ఒకరి పనిగా పెట్టుకోండి. "నువ్వేశావనుకున్నా" అన్న రాత్రే పిల్లి వస్తుంది.

ఆరిలోవ, హనుమంతవాక, ఎండాడ వైపు కంబాలకొండ అడవి దగ్గర్లో ఉన్నవాళ్లకి పునుగుపిల్లి, ముంగిస, కొండచిలువ భయం కూడా ఉంది. జెర్రిపోతు పిల్లల కోసం, గుడ్ల కోసం వస్తుంది, దాన్ని రప్పించేది ఎలకే. రాత్రి మేత గిన్నె తీసి డ్రమ్ములో పెడితే ఎలక రాదు, ఎలక లేకపోతే పాము రావడం తగ్గుతుంది. ఎలకల మందు మాత్రం పెరట్లో ఎక్కడా పెట్టకండి.

ఎండాకాలం ఒక సంగతి గుర్తుంచుకోండి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చడమే దాని చల్లదనం. అనంతపురంలోలా పొడి ఎండైతే తడి గోనెలు కట్టి చల్లబరచొచ్చు. ఇక్కడి ఉక్కపోతలో తడి గోనె గూట్లోని గాలిని ఇంకా బరువెక్కిస్తుంది, వగర్చినా ఆవిరి పోదు. నీళ్లు చల్లితే కప్పు మీద చల్లండి, లోపల కాదు. లోపల కావలసింది గాలి, వీలైతే ఒక చిన్న ఫ్యాను. నీళ్లు మట్టి మూకుళ్లలో నీడన పెట్టి మధ్యాహ్నం మార్చండి. మేత తెల్లారగట్ల, పొద్దు వాలాక పెట్టండి. తింటే ఒంట్లో వేడి పుడుతుంది, మిట్టమధ్యాహ్నం దానికి ఆ వేడి వద్దు.

ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటే ముందు చోటు ఇరుకైందా, వెలుగు ఎక్కువైందా, మేత చాలడం లేదా చూడండి. రక్తం కనబడ్డ పిల్లని వెంటనే వేరు చేయాలి, ఎరుపు చూస్తే మిగతావి ఆగవు. ఒంటి పేలకి ఒక మూల పొడి ఇసుక, కట్టెల బూడిద కలిపి పోయండి, అవే పొర్లుకుంటాయి. కర్రల సందులకి రెండు నెలలకోసారి సున్నం కొట్టండి.

రోగం ఎక్కువగా వచ్చేది బయటి కోడితోనే. సంతలోంచి తెచ్చినదాన్ని మూడు వారాలు విడిగా ఉంచాకే కలపాలి. ఆదివారం చికెన్ కడిగిన నీళ్లు, ఈకలు, పేగులు పెరట్లో పారబోయకండి, కొక్కెర తెగులు అలా కూడా వస్తుంది. గూటికి వేరే చెప్పులు పెట్టుకోండి, బయటికొచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ తేలింది. ఒకటి రెండు రోజుల్లో రెండు మూడు కోళ్లు ఏ లక్షణమూ లేకుండా చనిపోతే వట్టి చేతులతో తాకకండి, గెడ్డలో పారేయకండి, కోసుకు తినేయకండి. పశువైద్యశాలకి కబురు చేయండి.

గుడ్ల వేళ

పద్దెనిమిదో వారంలో గూట్లో చీకటిగా ఉన్న పక్క అడుగు పొడవు, అడుగు వెడల్పు పెట్టెలు రెండు పెట్టి గడ్డి పరచండి. నాలుగైదు పెట్టలకి ఒకటి లెక్క. పడుకునే కర్రల కన్నా పెట్టె కిందుగా ఉండాలి. ఎత్తుగా ఉంటే రాత్రి అందులోనే పడుకుని రెట్టతో నింపేస్తాయి. అయిదున్నర, ఆరు నెలలకి తురాయి ఎర్రబడుతుంది, మీరు వీపు మీద చెయ్యి వేస్తే పెట్ట కాళ్లు మడిచి అణిగి కూర్చుంటుంది. ఆ వారమే పెట్టెలో గుడ్డంత తెల్లటి గుండ్రాయి ఒకటి పెట్టండి, అక్కడే పెట్టాలని దానికి తెలుస్తుంది. మొదటి పది పన్నెండు గుడ్లు చిన్నగా ఉంటాయి, ఒకటి రెండు పెంకు లేకుండా తోలుగుడ్లు కూడా పడొచ్చు. నెల గడిచినా అలాగే పడుతుంటే ఆల్చిప్పల గిన్నె ఖాళీగా ఉందేమో చూడండి.